కార్పెట్ పరిచి గదిలో ఇరుక్కున్న రోజు

ఘాజియాబాద్‌లో మా ఫ్లాటు నేల జనవరిలో మంచుగడ్డలా ఉంటుంది. హాస్పిటల్లో డ్యూటీ అంతా నిలబడి చేసి వచ్చాక ఆ పాలరాతి మీద పాదం మోపాలంటే ఏడుపొచ్చేది. పడగ్గదికి గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయిద్దామన్నాను. వేయించడమెందుకు, మనమే వేద్దామన్నారు మావారు. ఆఫీసులో పెద్ద ప్రాజెక్టులు నడిపే మనిషికి ఒక గది ఏపాటి?

గది కొలిస్తే కిటికీ వైపు పన్నెండు అడుగులు వచ్చింది. తలుపు వైపు పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలే వచ్చింది. నేను టేపు వదులుగా పట్టుకున్నానన్నారు. చోట్లు మార్చుకుని మళ్ళీ కొలిస్తే ఇంకో అంగుళం తగ్గింది. మంచం మీద కూర్చున్న మా పన్నెండేళ్ళ అమ్మాయి, గదే వంకరగా ఉందని హిందీలో తేల్చేసింది. ఆయన ఒప్పుకోలేదు. బిల్డరిచ్చిన ప్లాను తీసి, పన్నెండు బై పన్నెండని అచ్చులో ఉంది కాబట్టి అదే ఖాయమన్నారు.

కరోల్ బాగ్‌లో కార్పెట్ల దుకాణం పెద్దాయన మనిషిని పంపి వేయిస్తానన్నాడు, వద్దన్నాం. ప్రతి వైపూ నాలుగంగుళాలు ఎక్కువ తీసుకుని గోడ దగ్గర కోసుకోమన్నాడు, సరేనన్నాం. చివర్లో అడిగాడు.

“దర్వాజా అందర్ ఖుల్తా హై, యా బాహర్?”

తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా అని. మావారు నా వైపు చూశారు. పదేళ్ళుగా తీస్తున్న తలుపు, అయినా నాకూ గుర్తు రాలేదు.

“ఖుల్తా హై,” అన్నారాయన, తెరుచుకుంటుందని మాత్రం.

కార్పెట్ శనివారం వచ్చింది. ఆ సాయంత్రమే మా ఇంట్లో చర్చివాళ్ళ ప్రార్థన. మంచాన్ని హాల్లోకి చేర్చి, కింద ఫోమ్ షీటు, పైన కార్పెట్ పరిచి, ఎక్కువైన అంచులు కోసి, అన్నీ జిగురుతో అంటించాం. తలుపు దగ్గర అంచు తిన్నగా రావాలని తలుపు మూసి, దాని మొదలు దాకా బిగించి అంటించాం. చాలా బాగా కుదిరింది. టీ తాగుదామని తలుపు లాగితే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అది లోపలికి తెరుచుకునే తలుపు. దాని కింది అంచుకు కార్పెట్ అడ్డం తగులుతోంది. జిగురు ఆరిపోయింది. అంచులు కోసిన కత్తి అప్పటికే హాల్లో మంచం మీద పెట్టేశాం.

కాసేపటికి చర్చివాళ్ళు వచ్చారు. మమ్మీ, పాపా లోపల బంద్ అయ్యారని మా అమ్మాయి వాళ్ళకు వివరించింది.

“వందనాలు అయ్యగారూ,” అన్నాను తలుపుతో.

“వందనాలమ్మా. కంగారు పడకండి, మేం మొదలుపెడతాం,” అన్నారు పాస్టరు గారు అవతల నుంచి.

వాళ్ళు మా మంచం మీదా కుర్చీల్లోనూ సర్దుకుని పాట అందుకున్నారు. మేమూ లోపల నిలబడి గొంతు కలిపాం. ఈలోగా మా అమ్మాయి కత్తి తీసుకుని పైఅంతస్తు ఆంటీ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ కూరగాయలు పైకి లాక్కునే బుట్టను మా కిటికీ ముందుకు దించింది. గ్రిల్‌లోంచి చెయ్యి పెట్టి తీసుకున్నాను. కత్తితో పాటు రెండు వేడి సమోసాలున్నాయి. మా కోసం ఆ రోజు ఆలోచించిన మనిషి ఆవిడే అనిపించింది.

మావారు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు తిరిగేమేర కార్పెట్‌ను కోస్తుంటే, అవతల పాస్టరు గారు చెరలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకుందామన్నారు. ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. తలుపు తెరుచుకునేసరికి అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. మేం జిగురు చేతులతో వెళ్ళి, తలలు వంచుకుని వాళ్ళ మధ్యన నిలబడ్డాం.

ప్రార్థనయ్యాక అందరూ గది చూడటానికి వచ్చారు. తలుపు దగ్గర ఆ బోసి ముక్క ఎందుకని ఒకాయన అడిగితే, చెప్పులు విడవడానికి వదిలామన్నారు మావారు, ముఖంలో ఏ భావమూ లేకుండా. నేల చలికి ఇంట్లోనూ చెప్పులతోనే ఉన్న వాళ్ళందరూ బుద్ధిగా అక్కడే విడిచి లోపలికి నడిచారు. మరుసటి వారం డ్యూటీలో, ప్రార్థనకు వచ్చిన నా తోటి నర్సు వాళ్ళ గది కొలతలు రాసిన కాగితం తెచ్చి, చెప్పుల చోటు ఎన్ని అంగుళాలు వదలాలని అడిగింది.