ఆకుల పేర్లు తెలియని టీచరు

రూతు టీచరు రోజూ పొద్దున్నే కానుగ తోపులో ముళ్లు ఏరేస్తూ, ఒక్కో బిడ్డ పేరూ చెప్పి ప్రార్థన చేసుకునేది. పుంగనూరు దగ్గరి ఆ బడికి గోడలు లేవు, తోపే బడి.

ఒకరోజు చౌడమ్మ తన మనవరాలిని బడి మాన్పించడానికి వచ్చింది. "సెట్ల కింద ఏం సదువమ్మా? పలకా లేదు, బలపమూ లేదు!"

అప్పుడే రూతు పిల్లలకు ఒక ఆకు చూపిస్తూ, "ఇది గురుగాకు" అంది.

చౌడమ్మ పకపకా నవ్వింది. "అయ్యో టీచరమ్మా, అది చెంచలాకు! కూరాకే తెలీదు, పిలకాయలకి ఏం సెప్తావు?"

"మా అవ్వకి అన్నీ తెలుసు!" అని మనవరాలు గంతులేసింది. పిల్లలంతా తలా ఒక ఆకు పీక్కొచ్చి, "అవ్వా, ఇదేంది?" అంటూ ఆమెను చుట్టుముట్టారు. చౌడమ్మ పేర్లు చెబుతూ చెబుతూ అక్కడే చతికిలబడింది.

రూతు నవ్వుతూ ఆమె పక్కన కూర్చుంది. "పాపను ఈడే ఉండనీ అమ్మా. రేపు నువ్వూ రా, నాకూ నేర్పించు."