దావత్‌కు పిలిచి ప్రశ్నలు వడ్డించాను

గౌలిపురలో ఒక బస్తీ మొత్తాన్ని ఆకలితో మాడ్చిన ఘనత నాది. కరువు రాలేదు, కర్ఫ్యూ పెట్టలేదు. నేను ఒక్క మాట వాడానంతే. ఆ మాట విని రెండొందల మంది పట్టుచీరలు కట్టుకుని, పిల్లలకు నూనె రాసి తలలు దువ్వి, పొద్దున టిఫిన్ కూడా మానేసి వచ్చి నా ముందు బుద్ధిగా కూర్చున్నారు. వాళ్లకు పెట్టడానికి నా దగ్గర ఉన్నవి పన్నెండు ప్రశ్నలు. మీరు ఏదైనా తింటూ ఇది చదువుతుంటే కాసేపు ప్లేటు పక్కన పెట్టండి. తినేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ.

అప్పటికి నాకు పెళ్లై నాలుగు నెలలు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదు పాతబస్తీలోని గౌలిపురలో రెండు గదుల ఇంట్లో దిగాం. ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. వాళ్లు బస్తీల్లో ఒక కార్యక్రమం నడిపేవారు. నల్లా, మురుగు మోరీ, వీధి దీపం లాంటి విషయాల్లో నలుగురు పెద్దమనుషులే కాకుండా ఆడవాళ్లు, ముసలివాళ్లు, నడవలేనివాళ్లు అందరూ కూర్చుని మాట్లాడాలి, వాళ్ల మాట వార్డు ఆఫీసుదాకా వెళ్లాలి. మంచి ఉద్దేశమే. అయితే ఆ పని చేసేది నేను కాదు. ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసి లెక్క రాసేది నేను. పర్యవేక్షణ, మూల్యాంకనం. ఇంతింత పెద్ద మాటలున్న ఉద్యోగం వచ్చేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. ఇంట్లో మా ఆయన పెసరట్టు వేస్తే కూడా "ఉద్దేశం బాగుంది, ఫలితం ఆశించిన స్థాయిలో లేదు" అనేదాన్ని. పాపం, రెండో నెలలో ఆయన వంట మానేశాడు.

లెక్క రాయడం మొదలుపెట్టాక తేలిన సంగతి ఏమిటంటే, ప్రతి మీటింగుకూ వచ్చేది అదే ఏడుగురు మగవాళ్లు. వాళ్లు టీ తాగి, సంతకం పెట్టి, అరుగు మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుని వెళ్లేవారు. నా రిజిస్టరులో 'మహిళలు' అన్న గడి కొత్త పలకలా తళతళలాడుతూ ఉండేది.

మా గల్లీ చివర పాల మల్లమ్మ ఉండేది. ఆరు బర్రెలు, ఒక అత్త, గట్టి గొంతు. ఆమె ఇంటి ముందే మూతలేని మోరీ. వానాకాలంలో రోడ్డేదో మోరీ ఏదో తెలియక ఆమె అత్త అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి ఆ ముసలావిడ నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని నడుస్తోంది. మోరీ మీద బండలు కప్పించాలంటే బస్తీ ఆడవాళ్లు మీటింగులో కూర్చుని తీర్మానం చేయాలి. ఆ మాట చెప్పి బతిమాలితే మల్లమ్మ ఏమందో తెలుసా?

"ఏంది బిడ్డా, ఎప్పుడు జూడు మీటింగ్ మీటింగ్ అంటవ్! మీటింగుల కూసుంటె బర్రెలకు పాలు ఎవలు పిండాలె, నువ్వొచ్చి పిండుతవా?"

"అది కాదండీ, మోరీ గురించి..."

"మీటింగ్ అనే మాట జెప్పకు. గా మాట ఇంటేనే నిద్దరొస్తది."

ఇంతలో మా ఆఫీసు పెద్ద సుధాకర్ సార్ పిడుగు వేశారు. "ఆదివారం పై ఆఫీసు కెల్లి లీలా మేడం వస్తరమ్మ. కార్యక్రమం ఎట్ల నడుస్తుందో కండ్లతోని చూసి రిపోర్ట్ రాస్తరు. ఆడోళ్లు రాకపోతే ఈ బస్తీని లిస్టులకెల్లి తీసేస్తరు. మోరీ కాగితం గూడ ఫైల్లనే పంటది. ఫికర్ చెయ్."

ఫికర్ చెయ్యమని, అంటే దిగులుపడమని, పై అధికారే చెబితే నాలాంటిదానికి వేరే పని ఉంటుందా? తిండి మానేసి మరీ చేశాను. మల్లమ్మ మాట గుర్తొచ్చింది. మీటింగ్ అన్న మాటే అడ్డం. దాన్ని తీసేసి, పాతబస్తీ వాళ్ల చెవికి ఇంపుగా ఉండే మాట పెట్టాలి. ఫోనులో వెతికితే, సమావేశంలో పాల్గొనడానికి ఆహ్వానం అన్నదానికి ఉర్దూలో ఇలా వచ్చింది: 'ఇజ్లాస్ మే షిర్కత్ కీ దావత్'. ఇజ్లాస్ అంటే సమావేశం. అది వద్దనుకున్నాం కదా, కొట్టేశాను. షిర్కత్ అంటే పాల్గొనడం. నాకు నోరు తిరగలేదు, అదీ కొట్టేశాను. చివరికి ముద్దుగా చిన్నగా ఒక్క మాట మిగిలింది. దావత్. ఆహ్వానం అన్నమాట!

మళ్లీ చూడండి. అందరూ పాల్గొనాలి అన్నది ఆ కార్యక్రమానికి ప్రాణం. సరిగ్గా ఆ మాటనే కొట్టేసి, విందు మిగుల్చుకున్న మూల్యాంకన నిపుణురాలిని నేను. మా ఊళ్లో విందు అంటారు, భోజనాలు అంటారు. దావత్ అంటే హైదరాబాదులో పసిపిల్లలకు కూడా నోరూరుతుందని నాకెవరు చెప్పారు? మా ఆయనను అడగొచ్చు కదా అంటారా? పెసరట్టు మీద వ్యాఖ్యానించాక ఆయన నాతో అంతగా మాట్లాడటం లేదు.

కాగితం మీద ఇలా రాశాను: 'ఆదివారం పదకొండు గంటలకు కమ్యూనిటీ హాల్లో అందరికీ దావత్. ఆడవాళ్లు, ముసలివాళ్లు, నడవలేనివాళ్లు తప్పక రావాలి. ఎవరినీ వదిలేది లేదు.' ఆటోకు మైకు కట్టుకుని ప్రచారం చేసే యూసుఫ్ భాయ్ చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"మేడం, సబ్‌కో? పూరే బస్తీకో?"

"సబ్‌కో, భాయ్. ఒక్క ఇల్లు కూడా తప్పకూడదు."

"లేడీసులకు గూడ?"

"ముందు వాళ్లకే!"

"మన గల్లీల గుడి పంతుళ్ల ఇండ్లు గూడ ఉన్నయి మేడం. వాళ్లకు అలగ్ పెడ్తరా?"

నేను తల ఎగరేసి, "అలగ్ అంటూ ఏమీ లేదు భాయ్. అందరూ ఒకేచోట, ఒకే వరసలో. మా కార్యక్రమం ఉద్దేశమే అది!" అన్నాను.

యూసుఫ్ భాయ్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "క్యా జిగర్ హై మేడం కా!"

ఎంత గుండె ధైర్యమో అని నా పట్టుదలను మెచ్చుకుంటున్నాడనుకుని, "ఎంత ఎక్కువ మంది వస్తే అంత మంచిది" అని కూడా అన్నాను. ఆ మాట ఆయన సొంతంగా మైకులో కలిపేశాడు.

శనివారం నుంచి బస్తీకి నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. కూరగాయల బండి దగ్గర నన్ను ముందుకు పంపారు. మా పక్కింటి షాహీన్ ఆపా గోడ మీద నుంచి తొంగి చూసి, "బహుత్ సవాబ్ మిలేగా బేటా" అని దీవించింది. పుణ్యం దక్కుతుందట. రిజిస్టరు రాసినందుకు పుణ్యం కూడా వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం మల్లమ్మ స్వయంగా పాలు తెచ్చింది, పావు లీటరు ఎక్కువ పోసింది.

"బిడ్డా, రేపు మేం ఎనిమిది మందిమి వస్తం. మా ఆడిబిడ్డ గూడ ఉస్మాన్‌గంజ్ కెల్లి వస్తుంది."

"అయ్యో, తప్పకుండా రమ్మనండి!"

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. డబ్బ తెచ్చుకోవచ్చునా? మా అత్త అంత దూరం నడవలేదు గద. ఆమెకు ఇంటికి తీస్కపోత."

హాల్లో నేను సలహాల డబ్బా ఒకటి పెడదామనుకున్నాను. మల్లమ్మ దాన్ని ఇంటికి మోసుకెళ్లి అత్తగారి సలహా కూడా వేయిస్తుందట! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "డబ్బా నేనే ఇస్తానండీ" అన్నాను. వెంటనే రిజిస్టరు తీసి 'నడవలేని వృద్ధుల వద్దకే సలహాల పెట్టెను తీసుకువెళ్లేందుకు స్థానిక మహిళ చొరవ' అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఆదివారం పదకొండయ్యేసరికి హాలు కిటకిటలాడింది. సగం కంటే ఎక్కువ ఆడవాళ్లే! మల్లెపూలు, కాటుకలు, అత్తరు వాసన. లీలా మేడం కేరళావిడ. తెలుగూ రాదు, ఉర్దూ రాదు, ఇంగ్లిషే. "ఇంత మందిని ఇంతవరకూ ఎక్కడా చూడలేదు" అని ఆవిడ అంటుంటే సుధాకర్ సార్ నా వైపు కన్నతండ్రిలా చూశారు. ఏ మీటింగుకూ ముఖం చూపించని వార్డు ఇంజినీరు కూడా చేతులు కడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"జనం ఎదురెదురుగా కూర్చున్నారేమిటి? మధ్యలో ఆ దారి ఎందుకు?" అని మేడం అడిగింది.

నిజమే. రెండేసి వరసలు ఎదురెదురుగా, మధ్యలో మనిషి నడిచేంత సందు. "ఎవరూ వెనకపడకూడదని మేడం. అందరూ సమానమే అని వాళ్లంతట వాళ్లే కూర్చున్నారు" అన్నాను గర్వంగా. మేడం రాసుకుంది.

నేను మైకు తీసుకున్నాను. "ఈ రోజు మీ ముందు పెట్టబోయేది..."

హాలంతా నిటారుగా అయ్యింది.

"...పన్నెండు ప్రశ్నలు!"

వరసల మధ్య నడుస్తూ ప్రశ్నల కాగితాలు పంచాను. మొదటి వరసలో తాత కాగితాన్ని తన ముందు నేల మీద పరిచి, మీద నీళ్లు చిలకరించి తుడిచాడు. అప్పుడు కూడా నాకు వెలగలేదు. తర్వాత టీ, రెండేసి బిస్కెట్లు వచ్చాయి. "స్టార్టర్ లెక్క ఉన్నట్టుంది" అని ఎవరో అన్నారు. బాగా మొదలైందన్న అర్థంలో అన్నారేమో అని నవ్వాను.

ఇరవై నిమిషాలయ్యాక షాహీన్ ఆపా లేచింది. "బేటా, ఖానా కిధర్?"

"ఏ ఖానా, ఆపా?"

"అరే, తుమీచ్ బోలే నా! దావత్!"

"అవును ఆపా, దావత్. ఆహ్వానం. అందుకేగా మీరంతా వచ్చారు..."

హాలు మొత్తం కుక్కరు మూత ఎగిరినట్టు ఎగిరింది.

"పొద్దుగాల్నుంచి పొయ్యి ముట్టియ్యలే!" అని మల్లమ్మ అరిచింది. "డబ్బ ఇస్తనన్నవ్ గద, ఏది? గీ కాగితాలు పెట్టుకపోవాల్నా మా అత్తకు?"

"గిదేం లొల్లి అమ్మా! రెండు బిస్కెట్లకు పట్టుచీర కట్టిస్తవా?"

"కైకు బులాయే ఫిర్?" మరెందుకు పిలిచినట్టు అని ఇంకొకామె.

ఏ మీటింగులోనూ నోరు విప్పని ఆడవాళ్లు నలభై మంది ఒక్కసారిగా లేచి నిలబడి వేళ్లు చూపిస్తూ మాట్లాడుతున్నారు. లీలా మేడం పెన్ను రైలులా పరుగెడుతోంది. "ఏమంటున్నారు వాళ్లు?" అని అడిగింది.

చేతనైనంతలో అనువదించాను. "మేడం... మాట ఇచ్చి నిలబెట్టుకోలేదంటున్నారు. కాగితాలు తప్ప ఏమీ అందలేదంటున్నారు."

"జవాబుదారీతనం అడుగుతున్నారు!" అని ఆవిడ పొంగిపోయింది. "ఇదే కదా మనకు కావాల్సింది!"

ఇంజినీరు నెమ్మదిగా తలుపు వైపు జరిగాడు. ఆయనా దావత్ అని వినే వచ్చాడు మరి. మల్లమ్మ కన్ను ఆయన మీద పడింది.

"ఏయ్ సారూ, యాడికి పోతవ్? బువ్వ ఎట్లాగు లేదు. వచ్చినం గద, మోరీ సంగతన్న తేలాలె. మా అత్త కాలు ఇరిగింది నీకెరుకేనా? బండలు ఎప్పుడు ఏస్తవో రాసియ్యి. అప్పటిదాంక నువ్వు గూడ మా లెక్కనే ఉపాసం."

ఆడవాళ్లు తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఇంజినీరు నన్ను చూశాడు, నేను నేలను చూశాను. ఆయన నా ప్రశ్నల కాగితం వెనకవైపే నెలలోగా బండలు వేయిస్తానని రాసి సంతకం పెట్టాడు. కింద ఆడవాళ్లంతా వరసగా సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. నా పన్నెండు ప్రశ్నలకు ఆ రోజు దక్కిన ఉపయోగం అదొక్కటే.

కోపం చల్లారాక షాహీన్ ఆపా నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "చల్, రో నక్కో. బచ్చీ హై." ఏడవొద్దట, చిన్నపిల్లనట. అరగంటలో ఇళ్ల నుంచి బియ్యం, పప్పు, చింతపండు వచ్చాయి. హాలు వెనక దేగ్‌లనే రెండు పెద్ద గుండిగల్లో ఖిచిడీ, ఖట్టా అనే చింతపండు పులుసు ఉడికాయి. పంతుళ్ల ఇళ్లవాళ్లు పులిహోర తెచ్చారు. మల్లమ్మ పెరుగు బకెట్టు దించింది. వడ్డన నాకు, దేగ్‌లు తోమడం నాకు. తినేటప్పుడు లీలా మేడానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఉద్యోగం పోతే పోయింది, రెండొందల మంది ఆకలి నేనొక్కదాన్నే మోయలేకపోయాను. ఆవిడ నవ్వీ నవ్వీ పొలమారి, ఖట్టా ఇంకో గిన్నె పోయించుకుంది.

బండలు నెలలో కాదుగానీ మూడో నెలలో పడ్డాయి. మల్లమ్మ అత్త స్టాండు పట్టుకుని వాటి మీద అటూ ఇటూ నడిచి పరీక్షించింది. నేను చేసిన ఏ మూల్యాంకనమూ అంత జాగ్రత్తగా లేదు. ఉద్యోగం కూడా నిలిచింది. లీలా మేడం రిపోర్టులో 'ఈ పద్ధతిని కిషన్‌బాగ్ బస్తీలోనూ అమలు చేయండి' అని రాసింది. సుధాకర్ సార్ నా బల్ల మీద ఆ కాగితం పెట్టి, దాని మీద బిస్కెట్ ప్యాకెట్టు పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు నాకు ఏడాది దాటిన పాప. ఎన్ని ముద్దలు తిన్నది, ఎన్నిసార్లు తుమ్మింది, అన్నీ గడులు గీసి రాస్తాను. పాత రోగం, పోలేదు. మొన్నామధ్య దాని మొదటి పుట్టినరోజుకు బస్తీవాళ్లందరినీ పిలిచాను. ఈసారి ఒక్క మాటలో కూడా తప్పు దొర్లకూడదని వారం రోజులు ఆలోచించి, దావత్ అన్న మాట దగ్గరికి కూడా రానివ్వకుండా, కార్డు మీద చక్కటి తెలుగులో 'శుభ సమావేశం' అని మాత్రమే అచ్చు వేయించాను. ఎనభై మందికి బిర్యానీ చేయించాను.

అందరూ వచ్చారు. అందరూ ఇంట్లో కడుపునిండా తినే వచ్చారు. మల్లమ్మ కొంగు చాటు నుంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "వీధి లైటు గురించి బిడ్డా. అందరం సంతకాలు గూడ పెట్టినం. నీ మీటింగ్ షురూ చెయ్యి!"

కాబట్టి, ఆ రోజు తోమిన రెండు దేగ్‌ల సాక్షిగా, మా ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవున్న బిర్యానీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికున్నంతకాలం ఎవరినీ ఏ భాషలోనూ రాసి పిలవను. గడప గడపకూ వెళ్లి, నోరు మూసుకుని, ఐదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర పెట్టి చూపిస్తాను. ఆ సైగకు ఇంకో అర్థం కూడా ఉందని ఎవరికైనా తెలిస్తే, దయచేసి ముందే చెప్పండి.