క్రేనమ్మ మూలకి రానంది

మ్యూజియంవాళ్లకు ఆడవాళ్ల మీద గౌరవం పుట్టిందంటే ముందుగా వాళ్లకో మూల కేటాయిస్తారు. దానికి గులాబీరంగు పులిమి, పైన ‘స్త్రీశక్తి’ అని రాసి, చేతులు దులుపుకుంటారు. మూతపడ్డ ఇనుప కార్ఖానాను మ్యూజియం చేసినప్పుడూ అదే జరిగేది, క్రేనమ్మ అడ్డుపడకపోతే.

ఆమె ఆ కార్ఖానాలో ఇరవై ఏళ్లు క్రేను నడిపింది. కప్పు కింద పట్టాల మీద కదిలే ఇనుపగదిలో కూర్చుని, మీటలు లాగి, కరిగిన ఇనుము నింపిన బానలను అటునుంచి ఇటు చేర్చేది. కింద నిలబడి సైగలు చేసేవాడు ఆమె భర్తే.

ప్రారంభానికి ముందు క్యురేటర్ ఆమె ఖాకీ కోటు అడగడానికి ఇంటికొచ్చింది. చదువుకున్న పిల్ల, మంచి పిల్ల.

“మహిళల మూలలో, అద్దాల పెట్టెలో పెడతామండీ.”

“మరి నా క్రేనులో ఎవరున్నారు?”

పిల్ల నసిగింది. అక్కడ అప్పటికే మీసాల బొమ్మను కూర్చోబెట్టారు.

“కోటు క్రేనులోకైతే ఇస్తాను, లేదంటే లేదు. మూలన కూర్చునేదాన్నయితే అంత ఎత్తు నిచ్చెన ఎందుకెక్కుతానమ్మా?”

“పాత ఫొటోల్లో మొహం కనబడలేదండీ, మగాడే అనుకున్నాం. కమిటీ రుజువు అడుగుతుందేమో...”

పేపరు చదువుతున్న భర్త తలెత్తాడు. “రుజువు నేనేనమ్మా. ఇరవై ఏళ్లు ఈవిడ ఎత్తిన బరువు కింద నిలబడ్డాను. ఇంటికొస్తే ఇక్కడా నా నెత్తిమీదే. పైనున్నది మీసాలాయనైతే నాకా మాత్రం తెలీదా?”

“మీరూరుకోండి,” అంటూనే నవ్వేసింది క్రేనమ్మ.

కమిటీ ఊరుకోలేదు. “విడిగా గౌరవిస్తున్నాం కదా, ఇంకేం కావాలట?” అన్నాడో పెద్దాయన. ఆ మాట బయటికి పాకింది. కార్ఖానాలో ఇసుక అచ్చులు చేసిన అక్క, ఆ మూలకిచ్చిన తన తాపీ వెనక్కి తీసుకుపోయింది. తూకాలు వేసిన పిన్ని తన ఫొటో పట్టుకుపోయింది. గులాబీరంగు మూలలో గులాబీరంగే మిగిలింది. ఖాళీ గోడకు రిబ్బన్ కత్తిరించమని మంత్రిగారిని పిలవలేరు కదా. కమిటీ దిగొచ్చింది. తాపీ అచ్చుల దగ్గరికి, ఫొటో తూకపు బల్ల దగ్గరికి చేరాయి.

ప్రారంభం నాడు జనమంతా మెడలెత్తి చూశారు. క్రేనులో ఖాకీ కోటు తొడుక్కున్న ఆడబొమ్మ. ఏ బట్టలకొట్టు నుంచి తెచ్చారో, నడుము పిడికెడే ఉంది.

“ఏమ్మా, ఆ నడుంతో మీట లాగితే విరిగేది మీట కాదు. దూది కుక్కించు,” అంది క్రేనమ్మ క్యురేటర్‌తో.

మంత్రిగారి ఉపన్యాసం నడుస్తుండగానే క్యురేటర్ నిచ్చెనెక్కింది. కోటు బిగుతుగా నిండేదాకా దూది కుక్కింది. ఆ రోజు అన్నిటికంటే గట్టిగా చప్పట్లు పడింది అప్పుడే.