కొబ్బరిచెట్టు చెప్పిందా?

రాజమండ్రి రైతుబజారు గేటు పక్కన ఒకాయన పనసపొట్టు కొట్టి అమ్ముతాడు. చేతులకు నూనె రాసుకుని, తొక్క చెక్కిన కాయను చెక్కదిమ్మ మీద పెట్టి, పెద్ద కత్తితో టకటకమని కొడుతూ ఉంటే పచ్చి జిగురు వాసన నాలుగు దుకాణాల అవతలకు వస్తుంది. మొన్న గ్రహణం నాటి ఉదయం ఆయన చెయ్యి ఎప్పటికంటే వేగంగా ఆడుతోంది. ఏంటండీ అంత కంగారు అని అడిగాను. "సాయంత్రం గ్రహణం కదండీ. మా కోడలు కడుపుతో ఉంది. ఆ టైముకి మా ఇంట్లో ఎవరం కత్తి ముట్టుకోమండి" అన్నాడు తలెత్తకుండా. నా చెయ్యి దానంతట అదే పై పెదవి మీదికి వెళ్లింది. వెంటనే కామేశ్వరి మేడం గుర్తొచ్చారు.

నా పై పెదవి మీద సన్నటి గీత ఒకటి ఉంది. నేను గ్రహణం మొర్రితో పుట్టాను. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ ఏదైనా కోస్తే పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందని మా వైపు గట్టి నమ్మకం. పసితనంలోనే కాకినాడలో ఆపరేషన్ చేయించారు. పెదవి కలిసింది గానీ మాట కొంచెం ముక్కుతోనే ఉండిపోయింది. బళ్లో పిల్లలు వెక్కిరించేవారు, నేనూ తిరిగి నాలుగు అంటించేదాన్ని, అదంతా చెల్లుకు చెల్లు. నన్ను నిజంగా బాధపెట్టింది మా అమ్మ చూపు. అన్నం పెడుతూనో జడ వేస్తూనో నా పెదవి వైపు చూసేది, చూసి చటుక్కున మొహం తిప్పుకునేది. నేను కడుపులో ఉన్నప్పుడు, ఒక గ్రహణం రోజున, ఇంకా పట్టలేదులే అనుకుని పనసపొట్టు కొట్టిందట. మా నాయనమ్మ ఆ సంగతి వచ్చిన చుట్టమల్లా వినేలా చెప్పేది. ఆ తర్వాత మా ఇంట్లో పనసకాయ పేరు ఎత్తిన వాళ్లు లేరు.

మాది రామచంద్రపురం. కామేశ్వరి మేడం ద్రాక్షారామం నుంచి బస్సులో వచ్చి మాకు తొమ్మిది, పది తరగతుల్లో జీవశాస్త్రం చెప్పేవారు. పొడగరి, తలలో ఎప్పుడూ కనకాంబరాలు, చేతిలో బెత్తం మాత్రం ఉండేది కాదు. ఆవిడకు బెత్తం అక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు. మొదటి వారంలోనే, కొబ్బరికాయలో నీళ్లు ఎందుకున్నాయి అని అడిగారు. మనం తాగడానికండి అని వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది.

"కొబ్బరిచెట్టు చెప్పిందా నీకు?" అన్నారు మేడం. "లోపల మొలకకి తిండి అది. మనం మధ్యలో దూరి తాగేస్తున్నాం. దొంగతనం చేసిందే కాకుండా, నా కోసమే పెట్టారంటే ఎలాగయ్యా?"

అప్పటి నుంచి మా క్లాసులో ఎవరు ఏ వస్తువుకు ఉద్దేశం అంటగట్టినా ఆ ప్రశ్న తప్పేది కాదు. తామరాకు చెప్పిందా, చేప చెప్పిందా, వాన చెప్పిందా? ఆవిడ నాస్తికురాలేమో అని మాకు అనుమానం. కానీ సోమవారం సోమవారం భీమేశ్వరస్వామి గుడిలో కనబడేవారు. ఒకమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "నాకు కోరికలున్నాయి కాబట్టి వెళ్తానే. తామరాకుకి లేవు, వెళ్లదు" అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఒకరోజు ఆవిడే దొరికిపోయారు. బోర్డు మీద గుండె బొమ్మ వేస్తూ, ఇది రక్తాన్ని ఒళ్లంతా పంపడానికి ఉంది అన్నారు. క్లాసులో సాధారణంగా నోరు విప్పని నేను, ఏమాత్రం ఆలోచించకుండా, "గుండె చెప్పిందాండీ మీకు?" అనేశాను. క్లాసంతా నవ్వింది. నా గొంతు విని నవ్వడం నాకు అలవాటే. ఆ రోజు నా మాటకు నవ్వారు. ఆ తేడా ఇంటికి వెళ్లాక గానీ తెలియలేదు, తెలిశాక ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. మేడం సుద్దముక్క కింద పెట్టి, రేపు చెప్తాను అన్నారు. మర్నాడు నిజంగానే చెప్పారు. "రాత్రంతా చూశానమ్మా. 'దీని కోసం' అనకుండా గుండె పాఠం చెప్పడం నా వల్ల కాలేదు. అది చేతికర్ర లాంటి మాట. నడవడానికి పనికొస్తుంది. దాన్నే కాలు అనుకోకండి, అంతే."

పదో తరగతిలో పిండం పాఠం వచ్చింది. తల్లి కడుపులో మొహం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుందని, ఒక్కోసారి కలవదని, అది చాలా ముందే, తల్లి కడుపు పైకి కనబడక ముందే తేలిపోతుందని చెప్పారు. చెబుతున్నంతసేపూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మర్యాదకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నేను పరుగు లాంటి నడకతో ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. నీ తప్పు కాదట అన్నాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. అమ్మ చేతిలో గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసి, "మీ టీచరుకేం తెలుసు? కన్నది నేను" అంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అదే మేడంకు చెప్పాను. ఆదివారం ఆవిడ బస్సెక్కి మా ఇంటికి వచ్చారు.

అమ్మ కాఫీ ఇచ్చి గడప దగ్గర నిలబడింది. ముందు తనే అడిగింది. "తప్పు నాది కాదంటే, మరి నా పిల్లకి ఎందుకిలా జరిగిందండి? ఇన్నేళ్లూ నాకు ఏదో ఒక జవాబుంది. దాన్ని కూడా మీరు పట్టుకుపోతే నాకేం మిగుల్తుందండి?"

మేడం గ్లాసు పక్కన పెట్టారు. "కారణం ఉంటుందండి. అదేంటో నాకూ పూర్తిగా తెలీదు. కానీ అందులో ఉద్దేశం లేదు. మిమ్మల్ని శిక్షిద్దామని ఎవరూ అనుకోలేదు, చంద్రుడైతే అసలే అనుకోలేదు." అమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు మేడం గొంతు తగ్గించి అడిగారు. "ఆ రోజు పొట్టు ఎందుకు కొట్టారండి?"

ఆ ప్రశ్న అమ్మను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఎప్పుడు కొట్టావు, ఎలా మర్చిపోయావు అనే అడిగారు. అమ్మ గడప మీద కూర్చుండిపోయింది. "మా నాన్నగారు నన్ను చూడ్డానికి పాలకొల్లు నుంచి వస్తున్నారండి. ఆవ పెట్టిన పనసపొట్టంటే ఆయనకి ప్రాణం. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ అడగలేదండి."

"మొత్తం జరిగినదాంట్లో ఉద్దేశం ఉన్నది ఆ ఒక్కదానికేనండి" అన్నారు మేడం. "నాన్నకి ఇష్టమైంది వండిపెడదామని. మంచిచెడ్డలు చూడాల్సింది దాంట్లోనే. చెప్పండి, అందులో ఏం తప్పుంది?"

అమ్మ ఏడ్చింది. అంతకు ముందు కూడా ఏడవడం చూశాను గానీ, నా మొహం వైపు చూస్తూ ఏడవడం అదే మొదలు.

తర్వాతి వారం, అమ్మ ఎప్పుడో అటకెక్కించిన పనసపొట్టు కత్తి దిగింది, సానకెక్కింది. అమ్మ కూర చేసి, మేడంకు ఇమ్మని నాకు డబ్బా ఇచ్చింది. సాయంత్రం ఖాళీ డబ్బా తిరిగిస్తూ, "ఆవ ఎక్కువైందని మీ అమ్మగారికి చెప్పు" అన్నారు మేడం. నేను భయపడుతూనే చెప్పాను. "ఎక్కువే అయ్యుంటుంది. చెయ్యి మర్చిపోయింది" అని అమ్మ నవ్వింది.

మేడం రెండేళ్ల క్రితం పోయారు. ఎవరైనా నన్ను నొప్పించినా, నా వల్ల ఏదైనా చెడినా, కారణాన్నీ ఉద్దేశాన్నీ వేరువేరుగా అడగడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఎప్పుడూ చెయ్యగలుగుతున్నానని కాదు. నాకు కోపం ఎక్కువ.

మొన్న పనసపొట్టు పొట్లం ఇంటికి తెచ్చేసరికి, ఇప్పుడు రాజమండ్రిలో నా దగ్గరే ఉంటున్న అమ్మ ఆవకాయ జాడీ మీదా, పాల గిన్నె మీదా దర్భ పోచలు వేస్తోంది. పొట్లం విప్పి చూసి, ఇవి పొట్టు కాదు ముక్కలు, కంగారులో కొట్టాడు అని గొణిగింది. సాయంత్రం గ్రహణం పట్టే వేళకు వంటింట్లోంచి టకటకమని చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే పీట వేసుకుని ఆ ముక్కల్నే మళ్లీ కొడుతోంది.

"అదేంటమ్మా, జాడీ మీద దర్భ వేసి, ఇప్పుడు కత్తి పట్టుకున్నావ్?"

"దర్భ ఎందుకేశానో నాకు తెలీదే, అలవాటు" అంది అమ్మ, నా మొహంలోకి నేరుగా చూస్తూ. "ఇది ఎందుకు కొడుతున్నానో మాత్రం తెలుసు. నీకిష్టమని."