మగ్గం మీద ఏడవకూడదు

బెంగళూరులో మా బెళ్ళందూరు అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నెలకొక ఆదివారం సాయంత్రం క్లబ్ హౌస్‌లో అందరం కలిసి పాత సినిమా చూద్దామని పోయినేడు అనుకున్నాం. మళ్ళీ మళ్ళీ చూడదగ్గ పది సినిమాలంటూ మా సెక్రటరీ గ్రూపులో ఒక జాబితా పెట్టాడు. పదికి పదీ అవార్డు సినిమాలే.

"ఇవి మళ్ళీ మళ్ళీ చూడదగ్గవని ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"అవార్డులొచ్చాయి కదా మేడమ్. జ్యూరీ సెలెక్ట్ చేసినవి. క్వాలిటీ ఆల్రెడీ చెక్ అయిపోయినట్టే" అన్నాడు.

నా ఉద్యోగం టెస్టింగ్. ఆల్రెడీ చెక్ అయిపోయిందని వేరేవాళ్ళు పంపినదాంట్లో తప్పులు పట్టినందుకే నాకు జీతమిస్తారు. కాబట్టి ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గ్రూపులో ఎవరో నవ్వారు. ఆ ఉలిపికట్టె నేనేనని ఒప్పుకున్నాను.

జాబితాలో మూడో సినిమా దగ్గర నాకు అసలు పేచీ. అది చేనేత కుటుంబం కథ. నేను చేనేత ఇంట్లోనే పుట్టాను. బెంగళూరు పక్కనే ఉన్న ఆనేకల్‌లో మా అమ్మానాన్నలిద్దరూ పట్టుచీరలు నేసేవాళ్ళు. ఇంట్లో సగం మగ్గానిది, మిగిలిన సగం మాది. ఆ సినిమాలో బిడ్డ జ్వరంతో పడి ఉంటే తల్లి షావుకారు కూతురి పెళ్ళిచీర నేస్తూ ఉంటుంది. ఆమె కంట్లోంచి ఒక్క బొట్టు జారి జరీ అంచు మీద పడుతుంది. కెమెరా ఆ బొట్టు దగ్గరికి వెళ్తుంది, వయొలిన్ మొదలవుతుంది. ఆ ఒక్క బొట్టుకే అవార్డు వచ్చిందనేవాళ్ళు ఉన్నారు.

నేను దాన్ని మొదటిసారి తొమ్మిదేళ్ళప్పుడు చూశాను. టీవీలో ఆదివారం మధ్యాహ్నం అవార్డు సినిమాలు వేసే రోజులవి. మా వీధికంతా ఉన్నది ఒకటే టీవీ. మగ్గాల కథ వస్తుందని తెలిసి వీధివీధంతా పని ఆపి ఆ ఇంట్లో కూర్చుంది. సినిమాలో తల్లి కళ్ళు నిండడం చూసి మా అమ్మ కంగారుగా ముందుకు వంగింది.

"అయ్యో, పట్టు! గుడ్డ కప్పవే తల్లీ, గుడ్డ!" అని టీవీలో ఉన్న ఆవిడ మీద అరిచింది.

బొట్టు పడింది. ఇంటినిండా ఉన్న నేతగాళ్ళు ఘొల్లున నవ్వారు. "అయిపాయ. ఆ చీర ఇంక ఎవురు కట్టుకుంటారప్పా?" అంటూ మా అమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమెకు ఇల్లు చేరేదాకా కోపం తగ్గలేదు.

అందులో నవ్వడానికేముందని మీరు అడగవచ్చు. పట్టు మీద తడి బొట్టు పడితే మచ్చ నిలిచిపోతుంది, జరీ నల్లబడుతుంది. అలాంటి చీరను నేయించిన షావుకారు మన మొహాన కొడతాడు. అందుకే మా ఇళ్ళలో పిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పే మాట, మగ్గం మీద ఏడవకూడదని. ఎంత కష్టమొచ్చినా ముందు చేతులు తుడుచుకోవాలి, నేసినంత మేరా పాత గుడ్డ కప్పాలి, లేవాలి. ఆ తర్వాత ఎంతసేపైనా ఏడ్చుకోవచ్చు. మా వీధిలో ఏడవనివాళ్ళు లేరు. గుడ్డ కప్పకుండా ఏడ్చినవాళ్ళూ లేరు.

ఇక మా అమ్మకు నచ్చిన సినిమా సంగతి. అది ఏ జాబితాలోనూ ఉండదు. ఉండాలని నేనూ వాదించలేను. హీరో ఒక్క తన్ను తంతే ముగ్గురు గాల్లోకి లేస్తారు, కారణం లేకుండా వాన పడుతుంది, వాన పడగానే పాట వస్తుంది. మధ్యలో ఒకచోట హీరోయిన్ తల్లి మగ్గం మీద కూర్చుని ఉంటుంది. కొడుకును పోలీసులు పట్టుకెళ్ళారని ఎవరో వచ్చి చెప్తారు. ఆవిడ పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను ఆపుతుంది. రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంటుంది. పాత గుడ్డ తీసి నేసిన చీర మీద పరిచి, అంచులు సర్దుతుంది. అప్పుడు లేచి పెరట్లోకి వెళ్తుంది. అక్కడ మనకు వీపు తిప్పి ఏడుస్తుంది. మొత్తం అర నిమిషం కూడా ఉండదు. ఆ నటి పేరు టైటిళ్ళలో లేదు.

మా అమ్మ ఆ సినిమాను ఆనేకల్ థియేటర్‌లో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చూసింది. తర్వాత టీవీలో చూసింది. ఇప్పుడు మా అక్క కొనిచ్చిన ఫోన్లో చూస్తుంది. అర నిమిషం అయ్యాక లేచి తన పని చూసుకుంటుంది. "ఆయమ్మ మగ్గం ఇంట్లో పుట్టిన మనిషేప్పా. ఆ చేతులు చూడు" అంటుంది.

అవార్డులు మంచి సినిమాలనే ఎంచుతాయా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. అవార్డు ఇచ్చేవాళ్ళు వరసగా బోలెడు సినిమాలు చూసి లేచిపోతారు. ఒక్కసారి చూస్తే కంటికి ఆనేది కన్నీటి బొట్టే. గుడ్డ కప్పిన చెయ్యి పదోసారి చూస్తే గానీ కనపడదు. పదోసారి చూసే ఓపిక, ఆ పని చేసి ఎరిగిన మనిషికి ఉంటుంది. మరి అలాంటివాళ్ళను ఏ జ్యూరీలో కూర్చోబెట్టారు?

ఇంత పెద్ద మాటలు మాట్లాడుతున్నాను గానీ, నాకూ ఒక అవార్డు ఉంది. అసలు కథ దానిదే.

బెంగళూరులో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీ తెలుగు సంఘం వ్యాసరచన పోటీ పెట్టింది. నన్ను కదిలించిన సినిమా గురించి రాయాలి. నేను మా అమ్మ సినిమా గురించి రాయలేదు. ఆ ఫైటింగుల సినిమా పేరెత్తితే పల్లెటూరి గబ్బిలాయి అంటారని భయం. అవార్డు సినిమా గురించి రాశాను. అంతటితో ఆగలేదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. ఆ కబురు వచ్చేసరికి అమ్మ మగ్గం మీద ఉంది. "ఆ రోజు మా అమ్మ కన్నీరు కూడా జరీ మీద ముత్యమై మెరిసింది" అని రాశాను.

మెరవలేదు. ఆ రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. కబురు విని మా అమ్మ నాడెను ఆపింది. తర్వాత చేతులు తుడుచుకుంది, గుడ్డ కప్పింది, లేచింది. పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని వీధంతా వినపడేలా ఏడ్చింది. కర్మకాండలు అయ్యాక మళ్ళీ మగ్గమెక్కి ఆ చీర ముగించింది. అన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆపిన చోట ఒక గీత కనపడుతుంది. ఆ చీరలో షావుకారు వేలితో తడిమి వెతికినా దొరకలేదు.

ఇదంతా వదిలి ముత్యం గురించి రాశాను. మొదటి బహుమతి ఇచ్చారు. వేదిక మీద న్యాయనిర్ణేత కళ్ళు తుడుచుకున్నాడు. కప్పు తీసుకెళ్ళి అమ్మకిస్తే ఎందుకిచ్చారని అడిగింది. "సినిమా గురించి రాసినందుకు" అన్నాను. అమ్మకు కాస్తో కూస్తో కన్నడం చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. చదివి వినిపించమంటే ఏదో పనుందని తప్పించుకున్నాను. ఆమె ఆ కప్పును మగ్గం పక్కన పెట్టుకుని, పేకకు, అంటే అడ్డపోగుకు, దారం చుట్టిన కండెలు అందులో వేసుకునేది. ఇప్పుడు ఆనేకల్‌లోనే అక్క వాళ్ళింట్లో ఉంటూ పక్క మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టి ఇస్తుంది. మొన్నమొన్నటిదాకా ఆ కప్పే వాడింది. దాన్ని చూసినప్పుడల్లా నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకునేదాన్ని.

అంత గుట్టుగా దాచుకున్నదాన్ని నా నోటి దురుసుతో నేనే బయటపెట్టుకున్నాను. జాబితా మీద గొడవ ముదిరినప్పుడు గ్రూపులో ఒకాయన, "మీకు ఆర్ట్ సినిమా అర్థం కాలేదేమో మేడమ్" అని రాశాడు. నాకు తిక్క రేగింది. "ఆ సినిమా మీద వ్యాసం రాసి ఫస్ట్ ప్రైజ్ కొట్టినదాన్ని, నాకే చెప్తున్నారా?" అని కొట్టి పంపాను. అవార్డులు దండగ అనే వాదన గెలవడానికి నా అవార్డునే ఎత్తి చూపానన్నమాట! మా కాలేజీలోనే చదివిన ఇంకొకాయన కాలేజీ పత్రిక పాత సంచిక వెతికి, అందులో అచ్చయిన ఆ వ్యాసం ఫొటోలు గ్రూపులో పెట్టేశాడు. సాయంత్రానికి సెక్రటరీ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎస్సే సూపర్. ఈ ఆదివారం ఆ సినిమానే వేద్దాం, ముందు మీరే ఇది చదవాలి. మదర్‌ని కూడా తీసుకురండి, శాలువా కప్పి ఫెలిసిటేట్ చేద్దాం. ఆడియెన్స్ బాగా కనెక్ట్ అవుతారు."

కుదరదని చెప్పి తప్పుకోవచ్చు. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఒక అబద్ధం చెప్తే సరిపోయేది. కానీ ఒక అబద్ధాన్ని ఇరవై ఏళ్ళకు పైగా మోశాక, దాని మీద ఇంకొకటి కప్పడానికి మనసొప్పలేదు. అమ్మను ముందుగా పిలిచి ఒంటరిగా చెప్పే ధైర్యమూ చాల్లేదు. ఆ విషయంలో నేను పిరికిదాన్నే.

ఆదివారం నాడు అమ్మ ఉతికిన నూలుచీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. శాలువా కప్పితే దాని అంచును వేళ్ళ మధ్య నలిపి చూసి, "మిషనుదే" అంది. నేను మైకు పట్టుకుని వ్యాసం చదవడం మొదలుపెట్టాను. ముత్యం వాక్యం దగ్గరికి వచ్చాను. దాన్నీ పూర్తిగా చదివాను. చదివి, కాగితం మడిచాను.

"ఇది అబద్ధం. మా అమ్మ కన్నీరు జరీ మీద పడలేదు. ఆమె చేతి కింద ఏ చీర మీదా పడలేదు. మీరిప్పుడు చూడబోయే సినిమాలోదీ అబద్ధమే. ఆ అబద్ధానికి వాళ్ళకు అవార్డు ఇచ్చారు, అదే అబద్ధాన్ని నేను కాపీ కొడితే నాకూ ఇచ్చారు" అన్నాను. తర్వాత చేతులు తుడుచుకోవడం, గుడ్డ కప్పడం, పెరట్లో బండ, అన్నీ చెప్పాను.

రెండో వరసలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. "కళలో ప్రతీక అనేది ఒకటి ఉంటుందమ్మా. బొట్టు నిజంగా పడిందా లేదా అన్నది కాదు పాయింట్."

"నాకు అదే పాయింట్ సార్. అంత దుఃఖంలోనూ పనిని కాపాడుకున్న మనిషి చెయ్యి మీ ప్రతీకలో లేదు. ఆ చెయ్యిని చూపించిన సినిమాను మీ జాబితాలో రానివ్వరు" అన్నాను.  అది కోపమేనని అప్పుడు అనుకున్నాను.

అడగకుండానే నా ఫోన్‌ను తెరకు కలిపి అమ్మ సినిమా పెట్టాను. తన్నులకు గాల్లో లేచినవాళ్ళను చూసి పకపకా నవ్వారు. నవ్వనిచ్చాను. ఆ అర నిమిషం వచ్చింది. ఆవిడ గుడ్డ పరిచి అంచులు సర్దుతుంటే నవ్వులు ఆగిపోయాయి. అయ్యాక వెనక నుంచి ఒకావిడ "మళ్ళీ ఒకసారి వేయండి" అంది. మళ్ళీ వేశాను. ఏ జ్యూరీ ఇవ్వని బహుమతి ఆ పేరులేని నటికి ఇప్పించానని పొంగిపోతూ అమ్మ వైపు చూశాను. అమ్మ తెరను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

కారులో ఆనేకల్ చేరాం. ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాక అడిగింది.

"నేను ఏడ్చినానని రాసినావా?"

"ఊఁ."

"ఏడ్చినానని రాస్తే రాసినావు పో. మగ్గం మీద ఏడ్చినానని రాసినావా?"

 చిన్నదాన్ననీ, పందొమ్మిదేళ్ళనీ ఏదో గొణిగాను. ఆమె వినలేదు. మూలనున్న కప్పును ఒళ్ళో పెట్టుకుని కండెలు ఒక్కొక్కటే తీసి బిస్కెట్ల డబ్బాలో వేసింది. లోపలంటుకున్న దారపు పోగులు ఏరేసి, కొంగుతో తుడిచి, కప్పును నా చేతికిచ్చింది.

"నువ్వే పెట్టుకో. నాకు డబ్బా ఉండాది" అంది. తర్వాత, ఏ కోపమూ లేని గొంతుతో, "సినిమావాళ్ళకు తెలీదు, సుమ్మనే, ఊరికే తీసినారు. వాళ్ళనేమీ అననప్పా. నీకు తెలుసు కదా. గడప కాడ నిలబడి చూసినావు కదా" అంది.

ఆమె క్షమించిందో లేదో నేను అడగలేదు. జాబితా మాత్రం మార్పించాను. ఎవరి సినిమా వాళ్ళు చెప్పాలి, అందులో తమ పని తెలిసిన చెయ్యి ఎక్కడుందో చూపించాలి అని పట్టుబట్టి సాధించాను. కప్పు ఇప్పుడు మా హాల్లో అందరికీ కనపడే చోట ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు దేనికిచ్చారని అడిగితే ఉన్నమాటే చెప్తున్నాను. మా అమ్మ గుడ్డ కప్పిన చోట నేను కన్నీటి బొట్టు రాసినందుకు ఇచ్చారని.