సగం చుక్క

ఒక ఇంటిని ఒంటిచేత్తో ఎలా ఖాళీ చేయించాలో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. నా ఆయుధాలు ఒక డబ్బా ఎర్ర జాజు, ఒక బెత్తం, తలనిండా గ్రంథాలయ విజ్ఞానం.

డెబ్బైల మధ్యలో కొత్తగూడ బడిలో పంతులును. కాలేజీ గడప తొక్కలేదు గాని, ఆదివారం వస్తే సైకిలెక్కి పట్నం గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా అట్లాసులు నమిలేవాణ్ణి. అక్కడే చుక్కల పటం చూశాను. జనం ఎక్కువున్న చోట చుక్కలు చిక్కగా, తక్కువున్న చోట పలచగా! నాకు పూనకం వచ్చింది. రోడ్డు వైపు బడి గోడకు సున్నం కొట్టించి, ఊరి పటం గీసి, మనిషికొక ఎర్ర చుక్క పెట్టించాను.

చుక్కలు పెట్టింది లచ్చి. అయిదో తరగతిలో పటం చూసి దిక్కులు చెప్పగలిగింది అదొక్కతే. పట్నంలో హాస్టలు బడి పరీక్షకు దాన్ని నేనే తయారు చేస్తున్నాను. వాళ్ల ఇంటినిండా పిల్లలే. చుక్కలన్నీ కలిసిపోయి అక్కడ గోడ కందిరీగ కుట్టిన చెంపలా తయారైంది.

"సార్, మా చిన్నోడు ఇంకా నడుస్తలేడు. ఆనికి సగం చుక్క పెట్టనా?"

"జనసాంద్రతలో సగం మనిషి ఉండడమ్మా!"

"మావోడు గంతే ఉంటడు సార్, ఎత్తుకొస్త, చూస్తవా?"

సగమే పెట్టింది.

పిల్లలు ఎక్కువున్నవాళ్లను కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకుపోయే జీపులు తిరుగుతున్నాయని ఊళ్లు వణుకుతున్న రోజులవి. అట్లాసులో ఆ సంగతి లేదు కాబట్టి నాకు తట్టలేదు. నవ్వండి, ఫర్వాలేదు.

ఆ వారంలోనే ఒక జీపు బడి ముందు ఆగింది. దిగినవాళ్లు మంచినీళ్లు అడిగారు. వినేవాళ్లు దొరికితే వదులుతానా? వాళ్ల చేతుల్లో చెంబు ఉండగానే పాఠం మొదలుపెట్టాను. పటంలో లచ్చి ఇంటి మీద బెత్తంతో టకటకా కొట్టి, "ఊరి మొత్తానికి ఎక్కువ జనం ఇక్కడేనండీ!" అన్నాను. రోడ్డవతల బావి దగ్గర ఆడవాళ్లు చేదలు వదిలేసి చూశారు.

సాయంత్రం లచ్చి తండ్రి మల్లయ్య వచ్చాడు.

"ఏంది సారూ, జీపోళ్లకు మా ఇల్లు చూపిచ్చినవంట?"

"గర్వపడాలి మల్లయ్యా! మీదే అత్యధిక సాంద్రత!"

"గదేందో నాకు తెల్వదు. మేం నీకేం అన్యాలం జేసినం?"

చుక్కల పటం గొప్పతనం ఓపికగా వివరించాను. ఆయన తల వంచుకుని విని వెళ్లిపోయాడు. అర్థమైందనుకున్నాను.

తెల్లారేసరికి ఆ ఇంటికి తాళం.

"ఎటు పోయిన్రు?" అని పక్కింటి సాయమ్మను అడిగాను.

"నీకు జెప్తే అది గూడ గోడకెక్కిస్తవు," అని తలుపు వేసుకుంది.

మర్నాడు జీపు మళ్లీ వచ్చింది. దిగినవాళ్లు గొలుసులు పరిచి రోడ్డు కొలవడం మొదలుపెట్టారు. వాళ్ల పని అదేనట.

పరీక్ష రోజున హాస్టలు బడి గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డాను. లచ్చి రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. గోడకు ఎన్ని పూతలు సున్నం వేసినా, ఆ సగం చుక్క మాత్రం పైకి తేలుతూనే ఉండేది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై జనసాంద్రత చెప్పాల్సి వస్తే దక్షిణ ధ్రువం పటమే తీస్తాను. అక్కడ నా పాఠం విని పారిపోయేవాళ్లు ఉండరు. తమ్ముడికి సగం చుక్క చాలు సార్ అనే పిల్లా ఉండదు.