బోర్లించిన పుట్టి

ఎమ్మిగనూరుకు ఉత్తరాన, తుంగభద్ర రేవులో ఉచ్చీరప్ప పుట్టి నడిపేవాడు. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రని పడవ అది. ఈ గట్టు మదరాసు ప్రభుత్వానిది, అవతలిది నైజాముది. పుట్టివాడి ఇంట చావు జరిగితే తప్ప పుట్టిని గట్టున బోర్లించకపోవడం ఆ రేవు ఆనవాయితీ.

1937లో ఇరువైపుల అధికారులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏ గట్టున కలరా కనిపించినా అక్కడ పసుపు గుడ్డ ఎగరేయాలి. అది చూసి అవతలివారు రాకపోకలు ఆపాలి. నానాజాతి సమితి నాళ్లలో ఓడరేవులు రోగవార్తను ఒకదానికొకటి తంతి ద్వారా తెలుపుకున్న పద్ధతి వంటిదే ఇదీ. వార్త చెప్పినవారికి కలిగే నష్టాన్ని ఎవరు భరించాలన్నది మాత్రం ఈ ఏర్పాటులో లేదు.

మరుసటి ఏడు పత్తి తీసే కాలంలో ఈ గట్టున కలరా వచ్చింది. ఉచ్చీరప్ప గుడ్డ కట్టాడు. అవతలి చేలకు కూలికి పోయేవారి దారి మూసుకుపోయి, ఊరు పస్తులుంది.

"నీ గుడ్డ నమిలి బతకమంటావేమప్పా?" అని గిడ్డయ్య అనే కూలి రేవులోనే నిలదీశాడు.

"అవతలోళ్లు సావకూడదని కట్టినా."

"వాళ్లు మనకు సంగటి పంపినారా? ఆ గట్టుకు బిడ్డనిచ్చినావు గదా, నీకు వాళ్లే ముద్దు!"

ఇదంతా అవతలి గట్టు గమనించింది.

1939 వేసవిలో, కాన్పుకు వచ్చిన కూతురు సుంకమ్మ పసిబిడ్డతో అత్తవారింటికి బయలుదేరింది. ఉచ్చీరప్ప కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి అవతలికి చూశాడు.

"ఇంగో వారం ఉండమ్మా."

"గుడ్డ యాడుంది నాయనా? ఆయప్ప ఎదురుసూస్తాంటాడు."

తానే దాటించాడు. కలరా అక్కడ అప్పటికే ఉంది. కూలీలు రారని, సంత ఆగుతుందని ఆ ఊరివారు గుడ్డ కట్టలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఉచ్చీరప్ప పుట్టిని బోర్లించి, కర్మ ముగిసే దాకా తియ్యలేదు.

విచారణకు ఆదోని నుంచి ఒక అధికారి వచ్చాడు. ఉచ్చీరప్ప గిడ్డయ్య మాటనే అడిగాడు: "గుడ్డ కట్టినోళ్లకు ఆ దినాల్లో గింజలు ఎవురు పెడతారు సామీ?"

పైకి రాస్తానన్నాడు అధికారి. జవాబు వచ్చినట్టు ఎవరికీ తెలియదు.

1941లో ఈ గట్టున మళ్లీ కలరా సోకింది. ఊరివారు గుడ్డను దాచేశారు.

"ఈతూరి కట్టినావంటే ఊర్లో ఉండనియ్యం" అన్నాడు గిడ్డయ్య.

ఉచ్చీరప్ప గుడ్డ అడగలేదు. పుట్టిని గట్టుకు లాగి బోర్లించి, మరెవరూ నడపకుండా కొడవలితో తోలు చీల్చాడు. అతని ఇంట చావడానికి ఇంకెవరూ లేరని అవతలివారికి తెలుసు. వాళ్లకు విషయం అర్థమైంది. ఎవరూ నది దాటలేదు. ఆ ఏడు అవతల కలరా సోకలేదు.

ఊరు అతనికి నిప్పు కూడా ఇవ్వలేదు. ఆదోనిలో పత్తి బేళ్లు మోస్తూ 1944లో చనిపోయాడు.